ఇరవైమూడో ముక్క

మౌనం, 1వ రోజు

చిల్లు దొరికింది. వారం రోజులుగా వెతికితే దొరకనిది, ఈ ఉదయం కిటికీ మీద ఉప్పు మరకలు తుడుస్తుంటే దొరికింది.

గాజు కిటికీలో తెరిచిన సంత గదిలో ఒకావిడ చేపల ధరలు చదువుతోంది. తడిగుడ్డ తగిలి ఆ గది మూసుకుపోయింది. అదే రెప్పపాటులో పక్కనున్న ఆసుపత్రి గది తెరుచుకుంది. ఆవిడ గొంతు మాత్రం ఆగలేదు. “వంజరం పెద్దవి, ఈ పూట వచ్చినవే” అని ఆసుపత్రి గదిలోంచి చెప్పింది. నా ఒళ్లు జలదరించింది, నిజం చెప్పాలంటే సంతోషం కూడా వేసింది. పుట్ట తవ్వుకుని బతికేవాడికి పాము కనిపిస్తే వచ్చే సంతోషం అది.

కిటికీలో ఎన్ని గదులైనా తెరవొచ్చు, కాని ఒక గదిలో మాట ఇంకో గదికి వినపడకూడదు. కిటికీకి పునాదే అది. ఒకటి మూసుకుంటూ ఒకటి తెరుచుకునే క్షణంలో మధ్య గోడ లేవడం లేదు. ఆ సందులోంచి ఎవరైనా ఇటు నుంచి అటు దూరిపోవచ్చు.

వెంటనే గాజు సంఘానికి రాశాను. కిటికీలు పెంచి ఊళ్లకు పంపేది వాళ్లే, అతుకు వేయాల్సిందీ వాళ్లే. ఈ రోజు నుంచి నలభై రోజులు గడువు. అంతవరకు నేను నోరు మెదపకూడదు. మెదిపితే చిల్లులు వెతకడానికి సంఘం ఇచ్చిన నా ముద్ర లాగేసుకుంటారు. ఈ నియమం మీద నాకు కోపం లేదు. నా చిన్నప్పుడు ఒకడు ఇలాగే చిల్లు కనిపెట్టి సంబరం ఆపుకోలేక నలుగురికి చెప్పాడు. అతుకు పడేలోపు ఎవరో దొంగలు దూరి, దక్షిణపు రేవులో మంచినీటి పంపులన్నీ ఆపేశారు.

కాగితం మీద రాసుకోవచ్చు. కాగితానికి చెవులు లేవు.

మౌనం, 2వ రోజు

చిల్లు ఉందంటే సంఘం నమ్మదు, రుజువు కావాలి. మా వృత్తిలో రుజువుకి పిచ్చుకను వదులుతాం. గది మూలన కూర్చునే చిన్న బొమ్మ అది. “లోపలికి రాగలిగాను, ఏమీ ముట్టుకోలేదు” అని దాని అర్థం. పిల్లలకు కూడా తెలుసు, పిచ్చుక కనబడితే ఎవరో మర్యాదస్తుడు వచ్చి వెళ్లాడని.

నా పిచ్చుకకు మూడు పనులు నేర్పాను. సందు దొరికితే పక్క గదిలోకి వెళ్లి కూర్చో. అక్కడ విన్న ఒక్క మాటను రోజూ ఉదయం ఆరింటికి, ఒకే ఒక్కసారి తిరిగి చెప్పు. నలభయ్యో రోజు మధ్యాహ్నం పన్నెండింటికి, కూర్చున్న గది తలుపు వేసి వెళ్లిపో. మూడోది ఎవరూ అడగరు. అతిథి వెళ్తూ తలుపు దగ్గరికి వేసి వెళ్లాలి కదా అని నేనే పెట్టాను. నా మర్యాదకు నేనే మురిసిపోయాను కూడా.

నియమం ప్రకారం సొంత కిటికీలోనే వదిలాను. పక్కవాళ్ల గాజు తాకలేదు.

మౌనం, 5వ రోజు

సంఘం జవాబు: “అందింది. పరిశీలనలో ఉంది. మౌనం పాటించగలరు.”

మౌనం, 9వ రోజు

పొద్దున్నే మసేను వచ్చాడు. పోలమ్మ పిన్ని కొడుకు, నా కంటే ఐదేళ్లు చిన్న. ఉప్పుమడుల్లో పని, మోకాళ్లదాకా తెల్లగా ఉప్పు.

“అక్కా, మా ఇంట్లో కిటికీకాడ పిచ్చుకొచ్చి కూకుంది. ఎవలో నీలాటోలే పరీచ్చ చేత్తన్నారేటి?”

“ఎప్పటి నుంచి రా?”

“మూడ్రోజులైపోనాది. అమ్మ దాన్నే చూత్తంది. పోన్లే, మంచి శకునమే కదా.”

నవ్వి ఊరుకున్నాను. వాడు వెళ్లాక కూర్చోలేకపోయాను. పిన్ని కిటికీలో తెరిచి ఉండేది ఒక్క ఆసుపత్రి గదే. ఆ గదికి గొంతు ఉండదు, అంకెలే. పిన్ని కంఠానికి గొట్టం ఉంది, గొట్టానికి ఊపిరి పెట్టె ఉంది, ఆ పెట్టె నడిచేది ఆ గది నుంచి.

మౌనం, 10వ రోజు

పిన్నిని చూసి వచ్చాను. పిచ్చుక అంకెల పక్కన ఒదిగి కూర్చుంది. ఎడమ రెక్క మీద నా గుర్తు, నేను గీసిన వంకర ఈక. అది నాదే.

పిన్ని పలక మీద “ముద్దుగుంది” అని రాసి చూపించింది. నేను తల ఊపాను. ఏం చేయను?

మౌనం, 12వ రోజు

చుట్టాలందరి ఇళ్లలో పిచ్చుకలు. ఒక ఇంట్లో అన్న మాట ఇంకో ఇంట్లో పలుకుతోంది, అదీ అన్నవాళ్ల గొంతుతోనే. “పాప మళ్లీ పాలు కక్కేసింది” అని మా చుట్టాల పిల్ల గౌరి అన్న మాట పెదనాన్న ఇంట్లో వినపడింది. “ఈ మాట మా అత్తకి మాత్రం చెప్పకు” అన్నది సాక్షాత్తూ ఆ అత్తగారి ఇంట్లోనే వినపడింది. అక్కడ పొద్దున్నుంచీ పొయ్యి వెలగలేదట.

ఈ ఉదయం నా కిటికీలో నా పిచ్చుక నోరు తెరిచింది. ఎవరిదో ఆడగొంతు. మందంగా, గోడ అవతల నుంచి మాట్లాడినట్టుగా ఉంది.

“కాళ్లు ఇరుకైపోతన్నాయి. ఇంకాస్త జరపండి.”

అంతే. మిగిలినవన్నీ ఎవరి ఇంటివో చెప్పగలను. ఈ గొంతు ఎవరిదో చెప్పలేను.

మౌనం, 13వ రోజు

ఎలా పాకిందో తెలిసింది. తెలిశాక గోడకు తల కొట్టుకోవాలనిపించింది.

మా రేవులో ఇల్లు వేరుపడితే ఇంటి గాజులోంచి ముక్క కోసి ఇస్తారు. ఆ ముక్కను గోడకు ఆనించి ఉప్పునీళ్లు చల్లుతుంటే కిటికీ అంత అవుతుంది. తొమ్మిదేళ్ల క్రితం నాకు పిన్ని గోడ నుంచి కోసి ఇచ్చారు. కోశాక అది వేరే కిటికీ అని మా అందరి నమ్మకం, అన్నదమ్ములు వేరుపడితే పొయ్యిలు వేరైనట్టే. కాని గాజు ఒకటే, దాని తాళమూ ఒకటే. నేను సొంత కిటికీ అనుకుని వంశం మొత్తం కిటికీలో పిచ్చుకను వదిలాను. సంఘం నియమాలు రాసినవాళ్లకు ఈ ఆచారం తెలియదు. తెలిసిన నాకు గుర్తు రాలేదు.

మౌనం, 15వ రోజు

పిచ్చుకను తుడిచేశాను. పావుగంటలో మళ్లీ వచ్చి కూర్చుంది. మూడో పనిని మార్చాను, పావుగంటలో పాత పాఠమే చదివింది. ఒక ముక్కలో చెరిపితే మిగతా ముక్కలు దాన్ని మళ్లీ పెంచుతున్నాయి. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటారు. వేశాను. పిచ్చుకే గెలిచింది.

నలభయ్యో రోజు పన్నెండింటికి అది పిన్ని ఆసుపత్రి గది తలుపు వేస్తుంది. పెట్టెను నడిపే ఆసుపత్రి గది ఒకసారి మూసుకుంటే, మళ్లీ తెరుచుకోవాలంటే పైవూరి వైద్యుడి ముద్ర రావాలి, దానికి వారం పడుతుంది. పిన్ని మంచం కింద చేతితో నొక్కే తిత్తి ఒకటి ఉంది. దాంతో ఒక పూట ఊపిరి ఆడించవచ్చు. వారం రోజులు ఎవరివల్లా కాదు.

మంచి మర్యాదే చేశాను.

మౌనం, 20వ రోజు

సంఘానికి ఇది నాలుగో ఉత్తరం. ప్రాణం మీదకు వచ్చిందని పెద్ద అక్షరాలతో రాశాను. జవాబు: “అందింది. పరిశీలనలో ఉంది. మౌనం పాటించగలరు.”

“కాళ్లు ఇరుకైపోతన్నాయి” అన్న గొంతు ఈ రోజు గౌరి ఇంట్లో పలికింది. గౌరి ఇల్లంతా వెతికింది, మంచాల కింద కూడా. తర్వాత పిల్లను ఎత్తుకుని వాకిట్లోనే కూర్చుందట, సాయంత్రం దాకా లోపలికి వెళ్లలేదు.

మౌనం, 24వ రోజు

సంఘానికి చివరి ఉత్తరం: “రేపు మౌనం వదులుతున్నాను. ఈ గాజు ఉన్న ఇళ్లకు మాత్రమే, నోటి మాటగా మాత్రమే చెబుతాను. ముద్ర కావాలంటే తీసుకోండి.” పదిహేనేళ్ల కష్టం ఆ ముద్ర. రాసి పంపాక ఏడ్చాను. ఆ తర్వాత అన్నం తిన్నాను.

మౌనం, 25వ రోజు

ముందు ఎల్లాజీ తాత దగ్గరికి వెళ్లాను. వంశంలో గాజు ముక్క కోసినప్పుడల్లా తాడుకు ఒక ముడి వేసి దాచేది ఆయనే. ఇంట్లో కిటికీ వింటుందని ఉప్పుమడి గట్టు మీదికి తీసుకెళ్లి మెల్లగా చెప్పాను.

“ఏటీ? గట్టిగా సెప్పమ్మీ! సెవుడు కదేటి నాకు!”

నలభై రోజులు దాచాల్సిన మాటను మడుల చివరిదాకా వినపడేలా అరిచి చెప్పాను. ఉప్పు తోడుతున్నవాళ్లంతా చేతులు ఆపి విన్నారు. తట్ట ఎత్తుకుంటూ ఒక ముసలావిడ దగ్గరికొచ్చింది.

“మాకూ కిటికీలున్నాయమ్మా. నోరు జారితే ఎవలింట్లో దీపం ఆరిపోద్దో మాకు తెలీదేటి? నువ్వు నీ పని చూసుకో.”

తాత ముడులు లెక్కపెట్టాడు. ఇరవై రెండు. ఇరవై రెండు ఇళ్లూ తిరగాలి.

మౌనం, 30వ రోజు

అన్ని ఇళ్లూ తిరిగాను. తిట్టినవాళ్లు ఉన్నారు. మసేను తిట్టలేదు. “అమ్మకి ఎప్పుడు సెప్తావు?” అని అడిగాడు. నువ్వే చెప్పమన్నాను. తల అడ్డంగా ఊపాడు.

నేనే చెప్పాను. పిన్ని విని, పలక మీద రాసింది: “నీ పిచ్చుకే అని తెలుసు. ఈక వంకర.” చిన్నప్పుడు నాకు బొమ్మలు గీయడం నేర్పింది పిన్నే.

మౌనం, 33వ రోజు

గాజును నిద్రపుచ్చాలంటే పొడి సున్నం పూయాలి. సున్నం తడిని లాగేస్తే గాజు నిద్రపోతుంది. గదులు మూసుకోవు, తిరిగి కడిగితే ఎలా ఉన్నవి అలా తెరుచుకుంటాయి. ఇరవై రెండు ముక్కలూ ఒకేసారి నిద్రపోతే, ఒకదాన్ని చూసి ఒకటి పిచ్చుకను పెంచడానికి ఏదీ మిగలదు.

ఉప్పుమడుల పది గంటల కూతకు అందరూ సున్నం పూశారు. పెట్టె ఆగినంతసేపూ మసేను తిత్తి నొక్కాడు. ఇరవై నిమిషాల తర్వాత కడిగాం. పిచ్చుక లేదు. గౌరి గట్టిగా అరిచింది, పెదనాన్న బెల్లం పంచాడు.

పావుగంటకు మళ్లీ వచ్చి కూర్చుంది.

బెల్లం చేతిలోనే ఉంది. ఎక్కడో ఇంకో ముక్క మేలుకుని ఉంది. తాత తాడు మళ్లీ లెక్కపెట్టాడు, మళ్లీ మళ్లీ లెక్కపెట్టాడు. ఇరవై రెండే.

మౌనం, 37వ రోజు

మసేనుకు ఒక ఆలోచన వచ్చింది. “ఆ కాళ్ల మాట ఎవలదో తెలిత్తే ముక్క దొరికినట్టే కదక్కా.” నిజమే. నా రుజువుల పెట్టెలో ఆ మాట భద్రంగా ఉంది. అందరికీ వినిపించాను గాని, పిన్నికి వినిపించలేదు. గొట్టంతో ఉన్న మనిషిని భయపెట్టడం ఎందుకని.

ఈ మధ్యాహ్నం వినిపించాను. “కాళ్లు ఇరుకైపోతన్నాయి. ఇంకాస్త జరపండి.”

పిన్ని చేతిలోంచి సుద్ద జారిపోయింది. కిటికీలో అంకెలు గబగబా పెరిగాయి. మసేను తిత్తి అందుకున్నాడు. పిన్ని చెయ్యి అడ్డం పెట్టి, సుద్ద వెతుక్కుని రాసింది.

“నా గొంతు.”

పిన్నికి గొంతు పోయి ఇరవై నాలుగేళ్లు. అప్పటికి నాకు ఆరేళ్లు, మసేను ఏడాది పిల్లవాడు. వాడు మంచం పట్టె మీద కూలబడ్డాడు. “అమ్మ ఇలగ మాటాడేదా?” అన్నాడు. ఇంకోసారి పెట్టమన్నాడు. పెట్టాను. ఇంకోసారి అన్నాడు.

పిన్ని పలక తుడిచి తుడిచి మిగతాది రాసింది. తన గొంతు పోకముందు, మా అమ్మను పాతిన రోజు అన్న మాట అది. గొయ్యి చిన్నదైంది, అమ్మ పొడుగు మనిషి. ఇంకాస్త జరపమని మోసినవాళ్లతో పిన్ని అంది. పోయినవాళ్లకు గాజు ముక్క ఇచ్చి పంపడం పూర్వం మా వాళ్ల ఆచారం, ఇంటిని చూసుకుంటారని. సంఘం వద్దన్నాక మానేశారు. కాని అమ్మ అడిగింది, పిన్ని మాట ఇచ్చింది. గోరంత ముక్క. అమ్మ గుప్పెట్లో పెట్టి మూసేసింది. ఆ ముక్క విన్న మాట మట్టిలో అలాగే ఉండిపోయి, పిచ్చుకకు దొరికింది. తాతకు చెప్పలేదు కాబట్టి తాడుకు ముడి పడలేదు.

ఇరవై నాలుగేళ్ల మౌనం. నా నలభై రోజులు దాని ముందు ఏపాటి?

మౌనం, 40వ రోజు

అమ్మను పాతిన దిబ్బలకు గంటన్నర నడక. గునపం, పార, రెండు బుట్టల సున్నం, మోసుకురావడానికి గాడిద. తోడు వస్తామన్నవాళ్లను వద్దన్నాను. పది గంటల కూతకు సున్నం పూయడానికి ప్రతి కిటికీ దగ్గరా మనిషి ఉండాలి, పిన్ని తిత్తి దగ్గర నలుగురు ఉండాలి. అసలు సంగతి అది కాదు. మా అమ్మను ఇంకొకరు తవ్వడం నాకు ఇష్టం లేదు.

ఉదయం ఆరింటికి దారిలో ఉన్నాను. ఆ వేళ పిచ్చుకలన్నీ తమ రోజు మాట చెప్పేసి ఉంటాయి.

నిలువెత్తు తవ్వాలనుకున్నాను. మూరెడు తవ్వకముందే గునపం టంగుమంది.

మట్టి తోస్తూ పోయాను. గాజు. గోరంత కాదు. దిబ్బల మట్టిలో ఉప్పుకు కొదవ లేదు, తడికి కొదవ లేదు. ఇరవై నాలుగేళ్లు తాగి తాగి పెరిగింది. తల వైపు నుంచి కాళ్ల వైపుకు, కాళ్లు దాటి ఇంకో రెండు బారలు. నా కిటికీ, పిన్ని కిటికీ, అందరివీ కలిపినా ఇంత ఉండవు. మిగతావన్నీ దీన్ని చూసే పెంచుకుంటున్నాయి.

కింద పాలరంగు. అమ్మ కనపడలేదు. కనపడనందుకు సముద్రానికి దణ్ణం పెట్టుకున్నాను. గాజులో చిన్న చిన్న వెలుగులు ఉన్నాయి, ఇరవై రెండు. వంగి చూస్తే ఒకదాంట్లో గౌరి సున్నం గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. ఒకదాంట్లో మసేను వీపు, పిన్ని చెయ్యి. అమ్మ ఇంటిని చూసుకుంటూనే ఉందన్నమాట. కాళ్ల వైపు చివర పిచ్చుక కూర్చుని ఉంది.

అక్కడే కూర్చుని అమ్మతో మాట్లాడాలనిపించింది. మాట్లాడితే పిచ్చుక వింటుందని నోరు నొక్కుకున్నాను. ముక్కు తుడుచుకుని సున్నం బుట్ట విప్పాను.

పది గంటల కూత గాలిలో సన్నగా వినపడింది. ఇరవై రెండు వెలుగులూ ఒకదాని తర్వాత ఒకటి తెల్లగా మూసుకుపోయాయి. పిన్నిది చివర. తల వైపు నుంచి సున్నం చల్లుతూ వచ్చాను. గాజు చిటపటమంది. కాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఒక దోసెడు మాత్రమే మిగిలింది. పిచ్చుక మీద పోస్తుంటే అది నోరు తెరిచింది.

“ఇప్పుడు బాగుంది. కాళ్లు సాపుకున్నాను.”

ఆడగొంతు. పిన్నిది కాదు.

దానికి పాఠం నేర్పింది నేను. రోజుకు ఒక్క మాటే, అది పొద్దున్నే అయిపోయింది. అక్కడ విన్న మాటే తప్ప సొంతంగా ఒక్క అక్షరం పలకడం దానికి రాదు. అమ్మను పాతిన రోజు ఆ గోతిలో ఆ మాట ఎవరూ అని ఉండరు. దోసెడు సున్నం పోసేశాను. తర్వాత పారతో మట్టి కప్పేశాను.

తిరుగు దారి గంటన్నర. అమ్మ గాజుకు సున్నం పూసేశాను, ఇక పిన్ని బతికి ఉందో లేదో తెలుసుకునే దారి లేదు. గాడిదను వదిలేసి పరుగెత్తాను. వాకిట్లోకి రాగానే తిత్తి చప్పుడు వినపడలేదు.

“లోపలికి రా అక్కా,” అన్నాడు మసేను. “కిటికీ కడిగేసి గంటైపోనాది. పెట్టె నడుత్తంది.”

అంకెల పక్కన ఎవరూ కూర్చుని లేరు. పన్నెండయింది. పన్నెండు దాటింది. అంకెలు అలాగే నడిచాయి. మసేను అరచేతులు పుండ్లు పడి ఉన్నాయి. పిన్ని నా చేతుల మీది సున్నం తన కొంగుతో తుడిచింది.

46వ రోజు

అతుకు పడిందని సంఘం నుంచి కబురు. రేవుల్లో కిటికీలన్నీ బాగయ్యాయట. ఇకపై ఒకే గాజు ఎన్ని ముక్కలైందో ముందు అడగాలని నియమం చేర్చారు. మౌనం వదిలినందుకు ముద్ర వెనక్కి పంపమన్నారు. పంపాను.

రుజువులన్నీ చెరిపేయమన్నారు. పిన్ని మాట చెరిపే ముందు మసేను మళ్లీ విన్నాడు. ఉంచుకుంటావా అని అడిగాను, నియమం తప్పడానికి సిద్ధపడే అడిగాను. పిన్ని పలక ఎత్తి చూపింది: “వద్దు. అది అక్క కోసం అన్న మాట.”

చెరిపేశాను. అప్పుడు పిన్ని ఇంకోటి రాసింది: “అక్కడ ఏమైనా వినపడిందా?”

అమ్మ గొంతు ఎలా ఉంటుందో నాకు గుర్తు లేదు. గుర్తుపట్టగలిగింది పిన్ని ఒక్కతే, వినిపించడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆమె చెవి దగ్గర ఆ మాట నా గొంతుతో చెప్పాను. పిన్ని కళ్లు మూసుకుంది. నా చెయ్యి నొక్కింది.

సంఘం పత్రంలో చివరి గడి మిగిలింది. “ఈ చిల్లుకు సంబంధించి మీరు చెప్పకుండా మిగిలినది ఏమైనా ఉందా?”

పదిహేనేళ్లలో ఆ గడి దగ్గర నేనెప్పుడూ ఆగలేదు. ఈసారి ఆగాను. తర్వాత “లేదు” అని రాసి, పత్రం మడిచి పంపేశాను.